గుడ్డు దాటిన విద్య

రెండు మాన్‌స్టర్లను పదో లెవెల్ దాకా పెంచాలి. వాటిలో ఒకటి ఆడది, ఒకటి మగది అయి ఉండాలి. మందిరానికి తీసుకెళ్లి జత కలిపితే ఒక గుడ్డు మిగులుతుంది. తల్లీ తండ్రీ అక్కడి నుంచే సెలవు తీసుకుంటారు, ఇక మళ్ళీ కనపడరు. 1998 సెప్టెంబరు 25న జపాన్‌లో ఎనిక్స్ కంపెనీ విడుదల చేసిన ‘డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్’ అనే గేమ్ బాయ్ ఆటలోని నియమం ఇది. పిల్లలు ఆడుకునే ఆటకు ఇంత కఠినమైన నియమమా అనిపిస్తుంది.

కానీ దాని వెనక లెక్క ఉంది. తల్లిదండ్రులు అలాగే ఉండిపోతే గుడ్డు పెట్టించడం పైసా ఖర్చు లేని వ్యాపారం అవుతుంది. వెళ్లిపోతారంటే మాత్రం, గంటల తరబడి వెంట తిప్పుకుని పెంచిన రెండు ప్రాణుల లెవెళ్లూ, వాటి మీద పెంచుకున్న మమకారమూ ఒక్క దెబ్బతో పోతాయి. అంత పోగొట్టుకున్నవాడికి పిల్లలో ఏదో ఒకటి కనపడాలి. లేకపోతే రెండోసారి ఆ మెట్లెక్కడు. అందుకే ఆ ఆటలో పిల్ల వట్టి చేతులతో పుట్టదు. పెంచినవాడి శ్రమలో కొంత మూట కట్టుకునే పుడుతుంది.

మాన్‌స్టర్లతో పిల్లల్ని పెట్టించే ఏ ఆటైనా ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి: తల్లిదండ్రుల మీద పెట్టిన శ్రమలో ఎంత భాగం గుడ్డు దాటి అవతలికి వెళ్ళాలి? జీవశాస్త్రం ఇదే ప్రశ్న మీద చాలాకాలం కొట్లాడింది. బతికినన్నాళ్లూ సంపాదించుకున్న గుణాలు సంతానానికి వస్తాయని 1809లో ఫ్రాన్స్‌లో లామార్క్ పుస్తకం రాశాడు. 1880లలో జర్మనీలో ఆగస్ట్ వైస్‌మన్ చిట్టెలుకల తోకలు కత్తిరించి, అయిదు తరాల పాటు పిల్లల్ని పెట్టించి చూశాడు. పుట్టిన 900 పైచిలుకు పిల్లల్లో తోక లేనిది ఒక్కటీ లేదు. భీమవరం వైపు పందెం పుంజుల్ని పెంచేవాళ్ళకు ఈ సంగతి ఏ ప్రయోగశాలా లేకుండానే తెలుసు. పుంజుకు చెరువులో ఈత కొట్టించి, బాదంపప్పు పెట్టి ఎంత దమ్ము తెప్పించినా దాని పిల్ల ఆ దమ్ముతో పుట్టదు. జాతి వస్తుంది, తర్ఫీదు రాదు.

వీడియో గేముల్లో మాత్రం ఓడిపోయిన లామార్కే చాలాసార్లు గెలిచాడు. తయారుచేసినవాళ్ళకు శాస్త్రం తెలియక కాదు. ఆటలో అన్నిటికన్నా ఖరీదైన సరుకు ఆటగాడి సమయం. అది వృథా పోలేదని చూపించాలంటే లామార్క్ చెప్పిందే పనికొస్తుంది.

అసలు మొదట్లో పెంపకమే లేదు, కలపడం ఒక్కటే ఉండేది. 1987లో అట్లస్ తయారుచేయగా నామ్కో విడుదల చేసిన ‘డిజిటల్ డెవిల్ స్టోరీ: మెగామి టెన్సేయ్’లో ఆటగాడు దయ్యాలతో బేరమాడి వాటిని తనవైపు తిప్పుకుంటాడు. చిన్న దయ్యాలు రెంటిని కలిపేస్తే కొత్త దయ్యం పుడుతుంది, పాత రెండూ మాయమవుతాయి. ఆ ఆటలో దయ్యాలకు అనుభవం రాదు, లెవెల్ పెరగదు. నేర్పడానికి ఏమీ లేనప్పుడు పిల్లకు అందాల్సింది మాత్రం ఏముంటుంది? వారసత్వం అన్న ప్రశ్న అక్కడ ఇంకా పుట్టనే లేదు.

ఆ ప్రశ్న వంశం రూపంలో మొదట వచ్చింది మాన్‌స్టర్లతో కాదు, గుర్రాలతో. 1991 డిసెంబరులో ఆస్కీ కంపెనీ ఫామికామ్ అనే ఆటల యంత్రం మీద ‘డెర్బీ స్టాలియన్’ విడుదల చేసింది. దాన్ని తయారుచేసిన హిరోయుకి సొనోబే పెట్టిన సరదా అంతా గుర్రపు పందెంలో కన్నా గుర్రపుశాలలో ఉంటుంది: ఏ మగ గుర్రాన్ని ఏ ఆడ గుర్రంతో కట్టాలి, నాలుగు తరాల వెనక ఒకే ముత్తాత రెండువైపులా ఉంటే లాభమా నష్టమా అని లెక్కలు వేసుకోవడం. పుట్టిన పిల్లకు తర్ఫీదు మళ్ళీ మొదటి నుంచీ ఇవ్వాల్సిందే. మాన్‌స్టర్ ఆటల చరిత్ర రాసేటప్పుడు ఈ గుర్రాల ఆటను తరచుగా వదిలేస్తారు. నా లెక్కలో అది వదిలేయకూడనిది. తరం మారడాన్నే ఆటగా ఎంతకాలమైనా ఆడొచ్చని జపాన్ ఆటగాళ్లకు రుచి చూపించింది అదే.

మరుసటి ఏడాది, 1992 సెప్టెంబరులో, యూజి హొరీ ‘డ్రాగన్ క్వెస్ట్ 5’ వచ్చింది. అందులో రెండు సంగతులు పక్కపక్కనే ఉన్నాయి. ఓడించిన మాన్‌స్టర్లు కొన్ని ప్రేమతో మన జట్టులో చేరతాయి. కథానాయకుడు పెళ్లి చేసుకుంటే కవల పిల్లలు పుడతారు, తల్లి ఎవరన్నదాన్ని బట్టి వాళ్ళ జుట్టు రంగు మారుతుంది. ఇంతకీ లోకాన్ని కాపాడే వీరుడు మనం ఆడించే మనిషి కాదు, అతని కొడుకు. ఆ వీరుడి కత్తి తండ్రి చేతికి పనికిరాదు. తండ్రి పడ్డ కష్టమంతా కొడుకును అక్కడిదాకా తీసుకురావడానికే అన్నమాట. మచ్చిక అయ్యే మాన్‌స్టర్లు ఒకవైపు, సంతానం మరోవైపు. ఈ రెంటినీ కలపడానికి ఎనిక్స్ కంపెనీకి ఇంకో ఆరేళ్లు పట్టింది.

ఈలోగా 1996 ఫిబ్రవరి 27న గేమ్ బాయ్ మీద ‘పోకెమాన్’ వచ్చింది. దాన్ని సృష్టించిన, చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకున్న సతోషి తజిరి, రెండు గేమ్ బాయ్‌లను కలిపే లింక్ కేబుల్ చూసి ఆ తీగ మీదుగా పురుగులు పాకుతున్నట్టు ఊహించుకున్నాడన్న కథ ప్రసిద్ధం. ఆ మొదటి ఆటలో పోకెమాన్‌లకు పిల్లలు లేరు. ఒక డే కేర్ మాత్రం ఉంది. అందులో ఒక్క పోకెమాన్‌ను వదిలివెళ్తే మనం నడిచే అడుగుకొకటి చొప్పున దానికి అనుభవం పెరుగుతుంది. ఒక్కదాన్నే ఎందుకు వదలాలి, రెంటిని వదిలితే ఏమవుతుంది అన్నదానికి జవాబు తర్వాత వచ్చింది.

అదే ఏడాది నవంబరులో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి నుంచి పూర్తిగా వేరే దారిలో ‘క్రీచర్స్’ అనే కంప్యూటర్ ఆట వచ్చింది. స్టీవ్ గ్రాండ్ అందులోని నార్న్ అనే జీవులకు సుమారు వెయ్యి న్యూరాన్లున్న మెదడు కట్టాడు, రక్తంలో రసాయనాలు పెట్టాడు, జన్యువులు రాశాడు. నార్న్ మంచి పని చేస్తే చక్కిలిగింత పెట్టాలి, చెడ్డ పని చేస్తే ఒక దెబ్బ వేయాలి. అలా అది నేర్చుకుంటుంది, మాటలు కూడా నేర్చుకుంటుంది. పిల్ల పుట్టినప్పుడు తల్లీ తండ్రుల జన్యువులు ముక్కలై కలుస్తాయి, మధ్యలో కొన్ని తప్పుతాయి కూడా. తల్లి నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పిల్లకు రాదు. వైస్‌మన్ చూస్తే మెచ్చుకునేవాడు. కానీ ఎంతో ఓపికతో తల్లికి ‘తిను’, ‘తోయి’ నేర్పినవాళ్ళు పిల్లకు మళ్ళీ మొదటి నుంచీ నేర్పాలంటే ఉసూరుమంటారు. నిజానికి దగ్గరగా వెళ్లే కొద్దీ ఆట ఇంటిపనిలా తయారవుతుంది. జీవశాస్త్రం మీద ఇష్టం ఉన్నవాళ్ళకు అదే ఆ ఆటలో గొప్ప.

1997 జులైలో టెక్మో ‘మాన్‌స్టర్ ఫార్మ్’ తెచ్చింది. బయటి దేశాల్లో దాన్ని ‘మాన్‌స్టర్ రాంచర్’ అంటారు. ఇంట్లో ఉన్న ఏ పాటల సీడీనో ప్లేస్టేషన్‌లో పెడితే దాన్ని చదివి ఒక మాన్‌స్టర్‌ను పుట్టిస్తుంది. అందరూ ఆ సీడీ తమాషానే చెప్పుకుంటారు గానీ, ఆటలో అసలు బరువు వేరే చోట ఉంది. ఆ మాన్‌స్టర్లు ముసలివై చచ్చిపోతాయి. చచ్చేలోపు వాటిని మంచులో దాచి, తర్వాత రెంటిని కలిపి ఒక పిల్లను చేయొచ్చు. 1999లో వచ్చిన రెండో ఆటలో, తల్లీ తండ్రుల బలాలు ఏ వరుసలో ఉన్నాయన్నది చాలా ముఖ్యం. ఒకదానికి ఒంటి బలం ఎక్కువ, తెలివి తక్కువ. రెండోదానికి తెలివి ఎక్కువ, బలం తక్కువ అయితే పిల్లలో రెండూ నీరుగారిపోతాయి. ఇద్దరూ ఒకే తీరున పెరిగి ఉంటే ఆ శ్రమ బాగా దక్కుతుంది. అంటే కలపాలన్న ఆలోచన పెంపకం మొదలుపెట్టిన రోజునే ఉండాలి. ఆ ఆటలో మాన్‌స్టర్ విధేయతకు రెండు పాళ్లున్నాయి, గారాబం ఒకటి, భయం ఒకటి. ఊరికే ముద్దు చేస్తే చాలదు, ఊరికే తిడితే చాలదు. మమకారాన్ని ఒకే అంకెతో కొలిచే ఆటలు చాలా వచ్చాయి. దాన్ని ఇలా రెండుగా చీల్చి చూడటం నాకు ఇప్పటికీ తెలివైన పనిగానే కనిపిస్తుంది.

ఇక ‘డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్’. తోసే అనే స్టూడియో దాన్ని తయారుచేసింది. అందులో 215 రకాల మాన్‌స్టర్లున్నాయి. ఏ జతకు ఏది పుడుతుందో కనుక్కోవడమే సగం ఆట. ఇద్దరిలో ఎవరిని ముందు నిలబెడితే ఎక్కువగా వాళ్ళ కుటుంబంలోనే పిల్ల పుడుతుంది. పిల్ల మళ్ళీ ఒకటో లెవెల్ నుంచి మొదలవుతుంది. కానీ తల్లీ తండ్రుల బలంలో కొంత వాటాతో మొదలవుతుంది. ఎక్కువ లెవెల్ దాకా పెంచి జత కలిపితే పిల్ల పేరు పక్కన కూడిక గుర్తుతో ఒక అంకె చేరుతుంది, తరం తరానికీ పెరుగుతుంది. ఆ వంశం మీద ఎంత శ్రమ పెట్టారో ఆ అంకె చూస్తే తెలిసిపోతుంది.

విద్యల సంగతి ఇంకా బాగుంటుంది. ప్రతి జాతికీ సహజంగా వచ్చే విద్యలు మూడు. పిల్లకు తన మూడింటితో పాటు తల్లి విద్యలూ తండ్రి విద్యలూ నేర్చుకునే అర్హత వస్తుంది. బుర్రలో పట్టేవి మాత్రం ఎనిమిదే. కొత్త విద్య వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పాతదాన్ని వదులుకోవాలి. నాలుగు తరాల కిందటి తాత దగ్గరి మంత్రాన్ని నిలుపుకోవడానికి తల్లి వైపు నుంచి వచ్చిన ఊపిరి మంటను వదిలేయాలా? ఇలాంటి తర్జనభర్జనల్లోనే ఆట రుచి ఉంది. ఒక్కోసారి చూడ్డానికి చీమంత లేని జెల్లీ ముద్ద, దాని జాతికి ఎన్నడూ లేని మెరుపు మంత్రం వేస్తుంది. దాని వెనక ఎవరున్నారో ఆటగాడికే తెలుసు. వెళ్లిపోయినవాళ్ళు అలా కనిపిస్తారు. జపాన్‌లో 20 లక్షలకు పైగా అమ్ముడుపోయిన ఈ ఆట వారసులు ఇంకా వస్తూనే ఉన్నారు. 2006 నాటి ‘జోకర్’లో తల్లిదండ్రులు కూడబెట్టిన విద్యా పాయింట్లలో సగం పిల్లకు చేరే పద్ధతి వచ్చింది. 2023 డిసెంబరులో నింటెండో స్విచ్ మీద వచ్చిన ‘ది డార్క్ ప్రిన్స్’లోనూ పదో లెవెల్ నియమమూ, తల్లిదండ్రుల వీడ్కోలూ అలాగే ఉన్నాయి.

అప్పటికే వచ్చిన ఆటలన్నీ చూసే అవకాశం పోకెమాన్‌కు ఉండేది. అయినా 1999 నవంబరు 21న ‘గోల్డ్’, ‘సిల్వర్’ ఆటలు వచ్చినప్పుడు అది దాదాపు ఎదురు దారి పట్టింది. గోల్డెన్‌రాడ్ నగరానికి దక్షిణాన 34వ రూటులో ముసలి దంపతులు నడిపే డే కేర్ ఉంది. ఈసారి అక్కడ రెండు పోకెమాన్‌లను వదలొచ్చు. ఆడా మగా ఉండి, ఒకే గుడ్ల వర్గానికి చెందినవైతే కొంతకాలానికి ముసలాయన గుడ్డు తెచ్చిస్తాడు. అది ఎలా వచ్చిందో తమకూ తెలియదంటాడు. గుడ్డు పెట్టడం ఎవరూ చూడలేదన్న ఆ అమాయకత్వం ఇన్నేళ్లుగా అలాగే కొనసాగుతోంది. తల్లిదండ్రులు ఎక్కడికీ పోరు. డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఎవరినీ పోగొట్టుకోనప్పుడు పరిహారమూ అక్కర్లేదు కదా. తల్లి వందో లెవెల్‌లో ఉన్నా పిల్ల అయిదో లెవెల్‌లోనే పుడుతుంది. యుద్ధాల్లో తల్లి కష్టపడి పెంచుకున్న బలంలో ఇసుమంత కూడా రాదు. పుట్టుకతో వచ్చే దాచిన అంకెల్లో కొన్ని మాత్రం తల్లి నుంచో తండ్రి నుంచో వస్తాయి. ఇదంతా పుట్టుకతో వచ్చే గుణాల లెక్క చెప్పిన మెండెల్ వైపు, వైస్‌మన్ వైపు. అయితే ఒక్క కిటికీ లామార్క్ కోసం తెరిచి ఉంచారు. పిల్ల తల్లి జాతిలోనే పుడుతుంది, కానీ తండ్రి నేర్చుకున్న కొన్ని మూవ్‌లు దానికి వస్తాయి. ఆటగాళ్లు వీటినే ఎగ్ మూవ్స్ అంటారు. జాతి ఎటూ తల్లిదే అయినప్పుడు తండ్రిని ఎంచుకోవడానికి ఒక కారణం కావాలి కాబట్టి ఈ కిటికీ పెట్టారని నా ఊహ.

ఆ చిన్న కిటికీలోంచి పెద్ద ఆటే పుట్టింది. 2002లో వచ్చిన ‘రూబీ’, ‘సఫైర్’ తరంలో, తోక మీద మంట ఉండే చార్మాండర్ తనంతట తాను డ్రాగన్ డాన్స్ నేర్చుకోలేదు. మబ్బుల్లాంటి రెక్కల ఆల్టారియా నేర్చుకుంటుంది. ఇద్దరికీ డ్రాగన్ వర్గం ఉమ్మడి కాబట్టి మగ ఆల్టారియాకు ఆ మూవ్ వచ్చేదాకా పెంచి, చార్మాండర్ పెరిగి మారే చారిజార్డ్‌లో ఆడదానితో డే కేర్‌లో వదిలితే డ్రాగన్ డాన్స్ తెలిసిన చార్మాండర్ గుడ్డులోంచి బయటికొస్తుంది. ఒక్కోసారి నేరుగా కుదరదు. మూవ్ తెలిసిన తండ్రికీ కావాల్సిన తల్లికీ వర్గం కలవకపోతే మధ్యలో మూడో జాతిలో ఒక కొడుకును పుట్టించి, వాడిని తండ్రిని చేసి, అలా గొలుసు కట్టాలి. మన పెళ్లిళ్ల పేరయ్యలకు ఈ పని అప్పగిస్తే చక్కబెట్టేవాళ్ళు.

మరి అనుబంధం? గోల్డ్, సిల్వర్‌లోనే స్నేహం అనే దాచిన అంకె అన్ని పోకెమాన్‌లకూ వచ్చింది. వెంట నడిస్తే పెరుగుతుంది, యుద్ధంలో సొమ్మసిల్లితే తగ్గుతుంది, 255 దగ్గర ఆగుతుంది. ఆ ఆటల్లో గోల్‌బాట్ 220 చేరితేనే క్రోబాట్‌గా మారుతుంది. మొదటి ఆట నుంచి ప్రాణంగా చూసుకున్న పికాచు ఒకటి ఉందనుకోండి, దాని స్నేహం 255. దాని గుడ్డులోంచి పిచూ పుడుతుంది. పిచూ స్నేహం 120తో మొదలవుతుంది. అడవిలో పట్టిన చాలావాటికి అది 70 కాబట్టి ఇది ఎక్కువే, కానీ ఆ ఎక్కువ తల్లి ఇచ్చింది కాదు. తల్లిని ప్రేమించినా పట్టించుకోకపోయినా ప్రతి పిల్లకూ అదే 120. గుడ్డును సంచిలో పెట్టుకుని నడిచి పొదిగినవాడికి దక్కే మర్యాద అది. పిచూ పికాచుగా మారాలంటే మళ్ళీ 220 దాకా దాని మనసు గెలుచుకోవాలి. డే కేర్ ముసలాయన ‘ఇద్దరికీ బాగా కుదిరినట్టుంది’ అంటూ ఉంటాడు. ఆ కుదరడం కూడా జాతులు ఒకటేనా, ఇద్దరి అసలు యజమానులు వేరువేరా అన్నదాని మీదే ఉంటుంది. ఒకే జాతి, వేరువేరు యజమానులు అయితే గుడ్డు త్వరగా వస్తుంది. పెంచినవాడి ప్రేమకు ఆ లెక్కలో చోటు లేదు. ఆటగాళ్లు ఒకరితో ఒకరు మార్చుకోవాలన్నదే పోకెమాన్ తయారుచేసే గేమ్ ఫ్రీక్ వాళ్ళ మొదటి కోరిక మరి.

విచిత్రమేమంటే సరిగ్గా గోల్డ్, సిల్వర్ వచ్చిన నెలలోనే, 1999 నవంబరులో, మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయం నుంచి మైకేల్ మీనీ బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లల్ని ఎక్కువగా నాకుతూ, నిమురుతూ పెంచుతాయి. అలా పెరిగిన పిల్లలకు భయం, ఒత్తిడి తక్కువ. పెద్దయ్యాక అవి కూడా తమ పిల్లల్ని అలాగే నాకుతాయి. ఒక తల్లి పిల్లల్ని ఇంకో తల్లి దగ్గర పెంచి చూస్తే, కన్న తల్లి గుణం కాక పెంచిన తల్లి గుణం కనిపించింది. అంటే తర్ఫీదు గుడ్డు దాటదన్న శాస్త్రమే, లాలన తరం దాటగలదని చెప్పింది. ఆటలు చేసింది దీనికి తలకిందులు: విద్యలను దాటించాయి, లాలనను గుమ్మం దగ్గరే ఆపేశాయి.

లాలనను తరం దాటించడానికి కాస్త దగ్గరగా వచ్చింది సెగా కంపెనీ. 1998 డిసెంబరులో డ్రీమ్‌కాస్ట్ మీద వచ్చిన ‘సోనిక్ అడ్వెంచర్’లో, 2001లో వచ్చిన రెండో భాగంలో, పరుగుల ఆట మధ్య ఒక తోట ఉంటుంది. అందులో చావో అనే నీటిబొట్టు లాంటి జీవులు పెరుగుతాయి. వాటి సంతానానికి ఈత, ఎగరడం, పరుగు లాంటివాటిలో ఏ గ్రేడు రావాలన్నది తల్లి దగ్గర నుంచో తండ్రి దగ్గర నుంచో వస్తుంది. తర్ఫీదుతో పెరిగిన పాయింట్లు రావు. ఇంతవరకు మెండెలే. కానీ చావో ఆయుష్షు తీరినప్పుడు, దాన్ని ప్రేమగా పెంచి ఉంటే గులాబీ రంగు గూడు కట్టుకుని మళ్ళీ గుడ్డుగా పుడుతుంది. పాత పాయింట్లలో పదో వంతు వెంట తెచ్చుకుంటుంది. కొట్టి, విసిరి, పట్టించుకోకుండా వదిలేస్తే బూడిద రంగు గూడు కడుతుంది. ఇక అంతే. ఇక్కడ సంతానమంటే అదే జీవి మరుజన్మ. ఆ జన్మ ఉందా లేదా అన్నది ప్రేమ తేలుస్తుంది. కర్మ సిద్ధాంతం వింటూ పెరిగిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

దయ్యాలను కలిపే పాత వంశం కూడా ఊరుకోలేదు. 2003లో వచ్చిన ‘షిన్ మెగామి టెన్సేయ్ 3: నాక్టర్న్’ నాటికి దయ్యాలకు లెవెళ్లు వచ్చాయి, విద్యలు పిల్లకు దిగుతున్నాయి. ఏవి దిగుతాయన్నది మాత్రం లాటరీ. కలిపే ముందు తెర మీద జాబితా చూపిస్తారు. నచ్చకపోతే వెనక్కి వెళ్లి మళ్ళీ చూడొచ్చు. కావాల్సిన కలయిక వచ్చేదాకా ఆటగాళ్లు అదేపనిగా బటన్లు నొక్కుతూ కూచున్నారు. సరదా కోసం పెట్టిన అదృష్టం వేళ్ల నొప్పిగా మారింది. 2012లో అదే వంశానికి చెందిన ‘పర్సోనా 4 గోల్డెన్’ వచ్చేసరికి, ఏ విద్యలు దిగాలో ఆటగాడే ఎంచుకునే వీలు కల్పించారు.

ఆ పర్సోనా వరుసలోనే నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ అతి అందమైన మలుపు ఉంది. 2006 జులైలో కత్సురా హషినో దర్శకత్వంలో ‘పర్సోనా 3’ వచ్చింది. పగలు స్కూలు, రాత్రి దయ్యాల గోపురం. పగటి పూట సహవిద్యార్థితోనో, పాత పుస్తకాల కొట్టు నడిపే ముసలి దంపతులతోనో స్నేహం చేయాలి. ప్రతి స్నేహానికీ ఒక టారో కార్డు ఉంటుంది. అదే కార్డుకు చెందిన కొత్త పర్సోనాను (ఈ వరుసలో కలిపి పుట్టించే దయ్యాలకు అదే పేరు) పుట్టించినప్పుడు, ఆ స్నేహం ఎంత ముదిరితే కొత్తగా పుట్టినదానికి అంత అనుభవం బహుమతిగా వస్తుంది. పుట్టిన క్షణంలోనే నాలుగైదు లెవెళ్లు ఎక్కేస్తుంది. ఇక్కడ అనుబంధం సంతానానికి చేరింది. కాకపోతే అది తల్లిదండ్రులతో ఉన్న అనుబంధం కాదు, పక్కింటి మనుషులతో ఉన్నది. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న దంపతులతో కాసేపు కూచుని కబుర్లు చెప్పినందుకు ఎక్కడో ఒక కొత్త ప్రాణి బలంగా పుట్టడమన్నది లెక్కల ప్రకారం అడ్డదిడ్డమే. ఆడుతున్నప్పుడు మాత్రం ఎందుకో న్యాయంగా అనిపిస్తుంది.

పోకెమాన్ దగ్గర కథ వేరేలా నడిచింది. 2002 తరంలో ఆరు రకాల బలాలకూ సున్నా నుంచి 31 దాకా దాచిన అంకెలు వచ్చాయి. ఆరూ 31 అయిన పోకెమాన్ అదృష్టం మీద పుట్టడమంటే 107 కోట్లలో ఒక్కటి. కాబట్టి పోటీలకు వెళ్లేవాళ్ళకు వంశమే శరణ్యం అయింది. మొదట తల్లిదండ్రుల నుంచి ఆరింటిలో మూడు అంకెలు వచ్చేవి. 2004 నాటి ‘ఎమరాల్డ్’లో తల్లి చేతికి ఎవర్‌స్టోన్ ఇస్తే దాని స్వభావం పిల్లకు వచ్చే అవకాశం సగానికి సగం. 2013 అక్టోబరులో వచ్చిన ‘ఎక్స్’, ‘వై’ ఆటల్లో డెస్టినీ నాట్ అనే ఎర్ర దారం పట్టిస్తే అయిదు అంకెలు దిగడం మొదలైంది. తల్లి కూడా ఎగ్ మూవ్స్ ఇవ్వగలిగింది అప్పటి నుంచే.

దాంతో డే కేర్ ముందు రోడ్డు ఫ్యాక్టరీ గేటులా తయారైంది. గుడ్లు అడుగుల లెక్కన పొదుగుతాయి కాబట్టి ఆటగాళ్లు అక్కడే సైకిలు మీద అటూ ఇటూ తిరుగుతారు. గుడ్డు పగులుతుంది, అంకెలు చూస్తారు, నచ్చకపోతే వదిలేస్తారు. మచ్చిక గురించి, స్నేహం గురించి చెప్పే ఆట చివరికి పెట్టెల కొద్దీ పసికూనలను ‘రిలీజ్’ చేయించింది. ఇది తయారుచేసినవాళ్ళకూ ఇబ్బందిగానే అనిపించి ఉంటుందని ఆ తర్వాత వాళ్ళు వేసిన అడుగులు చూస్తే నాకనిపిస్తుంది. దీనికి తోడు 2006లో ‘డైమండ్’, ‘పెర్ల్’ ఆటల్లో వాటి దర్శకుడు జునిచి మసుదా పేరుతో ప్రసిద్ధమైన ఇంకో పద్ధతి వచ్చింది. తల్లీ తండ్రీ వేరువేరు భాషల ఆటల నుంచి వచ్చినవైతే, అప్పట్లో మామూలుగా 8192లో ఒకటిగా పుట్టే మెరిసే రంగు పిల్ల అంతకు ఎన్నో రెట్లు తరచుగా పుడుతుంది. దూరదేశపు సంబంధం కలుపుకుంటే లాభమన్నమాట.

మన దేశంలో చాలామందికి మొబైల్‌లో పోకెమాన్ పరిచయమైంది 2016 డిసెంబరులో అధికారికంగా అడుగుపెట్టిన ‘పోకెమాన్ గో’ ద్వారానే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫోను పట్టుకుని నడిచినవాళ్ళకు గుడ్లు తెలుసు, తల్లిదండ్రులు తెలియరు. ఆ ఆటలో గుడ్లు దారి పక్క స్టాపుల్లో దొరుకుతాయి. కిలోమీటర్లు నడిస్తే పొదుగుతాయి. ఎవరి పిల్లలో అడిగేవాళ్ళు లేరు.

తర్ఫీదును మళ్ళీ గుడ్డు దాటించిన ఘనత 2021 ఫిబ్రవరిలో సైగేమ్స్ తెచ్చిన ‘ఉమా ముసుమే’ది. జపాన్‌లో పేరుమోసిన పందెపు గుర్రాలను అమ్మాయిల రూపంలో చూపే ఆట అది. ఒక అమ్మాయి మూడేళ్ల శిక్షణ ముగిశాక ఆమె వేగం, సత్తువ, గెలిచిన పందేలు అన్నీ ‘కారకాలు’గా మిగులుతాయి. తర్వాతి అమ్మాయికి ఇద్దరిని పూర్వీకులుగా పెట్టొచ్చు. వాళ్ళ వెనకున్న నలుగురితో కలిపి ఆరుగురి శ్రమ ఆమెకు అందుతుంది. ‘డెర్బీ స్టాలియన్’లో రక్తం మాట్లాడింది. ముప్పయ్యేళ్ల తర్వాత మరో గుర్రాల ఆటలో రక్తసంబంధం లేకుండానే శిక్షణ వారసత్వంగా వచ్చింది. 2024 జనవరిలో ఒక్కసారిగా పేరు తెచ్చుకున్న ‘పాల్‌వరల్డ్’లో కేకు పెట్టి జత కలిపితే తల్లిదండ్రుల సహజ గుణాల్లో నాలుగు దాకా పిల్లకు వస్తాయి. ఆ పద్ధతిలో కొత్తదేమీ లేదు.

పోకెమాన్ వేసిన అడుగులన్నాను కదా. 2016 నవంబరు నాటి ‘సన్’, ‘మూన్’లో వందో లెవెల్ చేరిన పోకెమాన్‌కు సీసా మూత ఒకటి ఇస్తే, పుట్టుకతో ఏ అంకె వచ్చినా 31 ఉన్నట్టే పోరాడుతుంది. 2019లో ‘స్వోర్డ్’, ‘షీల్డ్’లో పుదీనా ఆకులతో స్వభావపు ప్రభావాన్ని మార్చుకోవచ్చు. అదే ఆటలో ఒకే జాతి పోకెమాన్‌లు రెండు నర్సరీలో కలిసి ఉంటే, ఎగ్ మూవ్ తెలియనిది తెలిసినదాన్ని చూసి నేర్చుకుంటుంది. 2022 నవంబరులో ‘స్కార్లెట్’, ‘వయొలెట్’ వచ్చేసరికి డే కేర్ లేనే లేదు. ఆరుబయట బల్ల వేసుకుని, సాండ్‌విచ్ తిని, పోకెమాన్‌లను ఆడుకోనిస్తే పక్కన బుట్టలో గుడ్లు కనిపిస్తాయి. ఎగ్ మూవ్ కావాలంటే ఆ బుట్ట కూడా అక్కర్లేదు. మిర్రర్ హెర్బ్ అనే ఆకు పట్టుకున్న పోకెమాన్‌కు ఒక మూవ్ ఖాళీ ఉంచి, ఆ మూవ్ తెలిసినదాన్ని అదే పిక్నిక్‌కు తీసుకొస్తే చాలు. వర్గం కలవాల్సిన పనిలేదు, గొలుసు కట్టాల్సిన పనిలేదు, తండ్రి కావాల్సిన పనీ లేదు. ఎన్నో ఏళ్ల కిందట పట్టిన ముసలి చారిజార్డ్ కూడా పచ్చికలో పక్కన కూచున్న నేస్తం దగ్గర కొత్త విద్య నేర్చుకుంటుంది. పుట్టుక బాగాలేదని ఎవరినీ వదిలేయక్కర్లేదు, నాకు నచ్చింది అది. గుడ్డుకు మిగిలిన పని చాలావరకు మెరిసే రంగు కోసం వేచి చూడటమే.